దీపాలవేళ ఒక్క పిలుపు

మా వాళ్ళ భాషలో ‘ఒలే’ అనే పిలుపుకు హద్దులున్నాయి. మొగుడు పెళ్ళాన్ని ఒలే అంటాడు, తండ్రి కూతుర్ని అంటాడు, ఈడు కలిసిన ఆడవాళ్ళు ఒకరినొకరు అనుకుంటారు. మరిది మాత్రం వదినను అనడు. అన్నవాడికి ఇక ఆ వీధిలో ముఖం చెల్లదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చినప్పుడు మావాళ్ళు వలలతోపాటు ఈ హద్దుల్నీ మూట కట్టుకుని తెచ్చుకున్నారు. ఇక్కడికొచ్చాక సగం మాటలు హిందీ అయిపోయాయి, భయ్యాలూ దీదీలూ వంటింటిదాకా వచ్చేశారు. ఒలే మాత్రం ఉన్నచోటనే ఉంది. మా నాన్న ప్రాణం మీదికి తెచ్చింది కూడా ఆ మాటే.

ఇంకో కట్టడి ఉంది. అది మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్నగారి భార్య, నా చిన్నప్పుడే నాకు పెట్టింది. దీపాలవేళ ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు. సముద్రంలో పోయినవాళ్ళు ఒక్కసారే పిలుస్తారట. బతికున్న మనిషైతే రెండోసారి పిలుస్తాడు, మూడోసారి తిడతాడు, అప్పుడు పలకవచ్చు. ఈ సంగతి మా నాన్నకు తెలుసు. అందుకని జెట్టీ నుంచి వచ్చేటప్పుడు సందు మొదట్లోనే “ఒలే, ఒలే, ఒలే” అని మూడూ కలిపి ఒకే ఊపిరిలో పిలిచేసేవాడు. నేను పరిగెత్తేదాన్ని.

నేను టీచరునయ్యాక ఆ పిలుపు మానేశాడు. “సదువుకున్న మనిషిని ఒలే అంటే ఏటి బాగుంటాది” అని ‘టీచరమ్మా’ అనడం మొదలుపెట్టాడు. అందులో వెక్కిరింపు ఉంది, గర్వం కూడా ఉంది. నాకు బాగానే ఉన్నట్టు ఊరుకున్నాను. బాగాలేదు.

అప్పటికి మేం బతు బస్తీలో ఉండేవాళ్ళం. రేకుల ఇళ్ళు రెండు, మధ్య ఒకటే గోడ. ఇటు నాన్నా నేనూ, అటు పెద్దమ్మ. మా అమ్మ ఎప్పుడో పోయింది. నేను పెళ్ళయిన మూడేళ్ళకే తిరిగి వచ్చేశాను, ఆ కథ ఇక్కడ అనవసరం. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నాన్నకు డెబ్బై దాటాయి. సముద్రానికి వెళ్ళడం తగ్గించి, పగలంతా జెట్టీ దగ్గర అందరి వలలూ బాగుచేసి, సాయంత్రం అరుగు మీద మా వల పట్టుకుని కూర్చునేవాడు.

పెదనాన్నను సముద్రం తీసుకుపోయినప్పుడు నాకు పదేళ్ళు. వానలో ఒక్కడే డుంగీ వేసుకుని వెళ్ళాడు. చిన్న పడవ అది, రెండోరోజు బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు. ఆ రోజు పొద్దున కవళ్ళ చేపల పులుసులో ఉప్పెక్కువైందని కంచం తోసేసి లేచాడట. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి “పోతే పో” అంది. మొగుడితో ఆవిడ అన్న ఆఖరి మాట అదే. తరవాత ఇరవై ఏళ్ళూ ఆవిడ ఇంట్లో పులుసు కాగలేదు. చేప వేయించుకునేది, లేదా మజ్జిగ పోసుకు తినేది. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కనుక.

నాన్నకు జబ్బు మొదలైన ఏడాది ఎండలు మహా ముదిరాయి. మొదట ఎడమ కనురెప్ప వాలింది. పొద్దున లేచేసరికి మామూలుగా ఉండేది, సాయంత్రానికి సగం కిందికి దిగేది. నిద్ర చాలట్లేదేమో అనుకున్నాం. తరవాత అన్నం నమలడం. నాలుగు ముద్దలు బాగానే తిని, అయిదో ముద్దకు దవడ అలిసిపోయినట్టు ఆగిపోయేవాడు. గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి ఎత్తి పట్టుకునేవాడు. తరవాత గొంతు. పొద్దున సందు చివరిదాకా వినిపించే మనిషి, మాట్లాడగా మాట్లాడగా ముక్కులోకి జారి, నీళ్ళు నిండిన కుండలో మాట్లాడినట్టు అయిపోయేవాడు. నవ్వితే పెదవుల చివర్లు లేచేవి కావు. పళ్ళు మాత్రం కనబడేవి. మా నాన్న నవ్వుతున్నాడని నాకు తెలుసు, కానీ దీపాలవేళ వెలుతురులో చూస్తే ఎవరో నా మీద కోపంగా పళ్ళు బిగిస్తున్నట్టుండేది. చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, సాయంత్రమైతే నాన్న ముఖం చూడటానికి భయపడేదాన్ని.

మా దీవుల్లో గడియారం మెయిన్‌ల్యాండుది, సూర్యుడు మాత్రం మాకు ముందే వెళ్ళిపోతాడు. అయిదు దాటితే దీపాలు వేయాలి. అలాంటి ఒక అయిదింటప్పుడు పెద్దమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. నాన్న “వదినే” అని పిలవబోయాడు. నాలుక మడతపడలేదు, మధ్యలో అక్షరం కరిగిపోయింది. ముక్కులోంచి బయటికి వచ్చింది “ఒలే” అని.

పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది.

“ఏటన్నావు?”

నాన్న తల అడ్డంగా ఊపి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే వచ్చింది.

పెద్దమ్మ గ్లాసు అరుగు మీద పెట్టి, మెట్టు మీద కూర్చుని, కొంగు సర్దుకుంది. “ఒచ్చినావా,” అంది మెల్లిగా. “ఇన్నాళ్ళకా?”

పెదనాన్న గొంతు అచ్చం అలాగే ఉండేది. ఆయన పుట్టుకతో ముక్కుతో మాట్లాడే మనిషి, జీవితమంతా జలుబు దిగనట్టే ఉండేవాడు. నేను మరిచిపోయాననుకున్న గొంతు మా నాన్న నోట్లోంచి వస్తుంటే విన్నాను. సైన్సు పాఠం చెప్పే దాన్ని, ఆ సంగతి ఆ నిమిషంలో గుర్తురాలేదు.

మర్నాడు పొద్దున నాన్న గొంతు బాగున్న వేళ చూసుకుని గోడ అవతలికి వెళ్ళి చెప్పాడు. “వదినే, నానే గదా. నోరు తిరగట్లేదు, మరేటీ నేదు. దవాయి ఏదో మింగితే పోతాది.”

“పొద్దున నువ్వే,” అంది పెద్దమ్మ. “సాయంత్రం నువ్వు కాదు.”

ఇక ప్రతి సాయంత్రం వచ్చేది. నీళ్ళు పోసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు మెట్టు మీద కూర్చునేది. ఆవిడకో లెక్క కూడా కుదిరింది. ఎండ మండిపోయిన రోజు ఆయన తొందరగా వస్తాడు. వాన పడి చల్లబడితే అసలు రాడు. “వానలో గదా పోనాడు, వానంటే బెదురు,” అని ఖాయం చేసేసింది. నిజంగానే వాన రోజు నాన్న గొంతు దీపాలు వేశాక కూడా బాగుండేది. నేను చూశాను. నాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం కంటే, ఆవిడ జవాబు అంత చక్కగా అతకడం నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. “కోపం పోనాదా?” దానికి ముందు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి, నాన్న చేత రెండు ముక్కలు మాట్లాడించి, చివర్లో అడిగేది. అప్పటికి నాన్న గొంతు పూర్తిగా పోయి, గెడ్డం చేత్తో పట్టుకుని కూర్చుని ఉండేవాడు. జవాబు రాదు. పెద్దమ్మ లేచేది. “ఇంకా పోనేదు,” అనుకుంటూ ఇంటికి వెళ్ళేది.

ఒకరోజు నాన్న మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి బయటికి వచ్చాయి. ఉక్కిరిబిక్కిరై కళ్ళు తేలేశాడు. నేను వీపు మీద చరిచి చరిచి, తెల్లారగానే సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు మెయిన్‌ల్యాండు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, హిందీలో మాట్లాడేవాడు. పొద్దుటిపూట కనుక నాన్న గంటలా మాట్లాడుతున్నాడు. నేను చెప్పేదంతా నా చాదస్తంలా వినబడింది. డాక్టరు ఓపిక పట్టి, “చాచా, ఏక్ సే సౌ తక్ గినో,” అని వందదాకా లెక్కపెట్టమన్నాడు. నాన్న తెలుగులోనే ఒకటి నుంచి లెక్కపెట్టాడు. ముప్ఫై దాటాక గొంతు సన్నబడింది. యాభై దగ్గర ముక్కులోకి దిగింది. అరవైలలో ఏమంటున్నాడో తెలియలేదు. పట్టపగలు, పదిగంటలకు, ఆసుపత్రి గదిలో పెదనాన్న వచ్చి కూర్చున్నాడు.

డాక్టరు కాంపౌండరును పంపి మంచుగడ్డ తెప్పించాడు. గుడ్డలో చుట్టి నాన్న వాలిన రెప్ప మీద పెట్టి కొంచెంసేపు ఉంచాడు. గుడ్డ తీసేసరికి కన్ను పూర్తిగా తెరుచుకుని ఉంది. నాన్న అద్దంలో చూసుకుని, “మనం సేపకి ఐసు ఏస్తే సేప బాగుంటాది, నాకేస్తే నాను బాగున్నాను,” అన్నాడు. చల్లదనానికి ఈ జబ్బు తగ్గుతుందట. వాన రోజు పెదనాన్న రాకపోవడానికి అదే కారణం. ఆ తరవాత ఒక సూది మందు ఇచ్చారు. కాసేపటికి నాన్న గొంతు పాత రోజుల్లోలా గది గోడలకు కొట్టుకుంది.

జబ్బు ఏమిటని అడిగాను. డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తుంది. ఒంట్లో బయటి రోగాల మీద కాపలా ఉండే శక్తి ఒకటుంటుంది. వయసు మళ్ళాక ఆ కాపలావాడూ ముసలివాడవుతాడు. “చోర్ కో ఛోడ్ దేతా హై, ఘర్‌వాలే కో పకడ్ లేతా హై,” అన్నాడు. దొంగను వదిలేసి ఇంటివాణ్ణి పట్టుకుంటాడట. నరం చెప్పిన మాట కండకు చేరే చోట వాడు అడ్డం నిలబడి, మన కండనే పరాయిదనుకుని కొడుతున్నాడు. కండ కొంచెంసేపు పనిచేసి, మాట అందక నీరసపడిపోతుంది.

నాన్నకు ఒక్కసారిగా అర్థమైపోయింది. మా జెట్టీ గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఒకాయన ఉండేవాడు. చూపు ఆనేది కాదు. తాళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళు ఆయన ముందునుంచే దర్జాగా వెళ్ళేవాళ్ళు. రోజూ వచ్చే మా నాన్నను మాత్రం “కౌన్ హై? పాస్ దిఖావ్” అని కర్ర అడ్డం పెట్టేవాడు.

“ఓర్నీ, ఆడు నా ఒంట్లోన కూడా దూరినాడన్నమాట,” అన్నాడు నాన్న. డాక్టరుకు నేను తర్జుమా చేసి చెబితే ఆయనా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి ఇంకో మాట చెప్పాడు. ఆ కాపలావాడిని నిద్రపుచ్చే మందులున్నాయి, కానీ ఈ వయసులో వాడిని పూర్తిగా పడుకోబెడితే నిజం దొంగలు వస్తారు. దగ్గు, జ్వరం, ఏదైనా చాలు. కనుక ముందు గొంతుకు బలమిచ్చే గోలీలు వాడదాం, మెత్తటి అన్నం పెట్టండి, వేళ తప్పనీయకండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి.

నాలుగింటి గోలీ పెదనాన్నను మా ఇంటి నుంచి పంపించేసింది.

మొదటి సాయంత్రం పెద్దమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. నాన్న ‘వదినే’ అన్నాడు, ప్రతి అక్షరమూ నిక్కచ్చిగా. జబ్బు సంగతీ, మంచుగడ్డ సంగతీ, వాచ్‌మన్ సంగతీ అంతా చెప్పాడు. పెద్దమ్మ శ్రద్ధగా వింది. చీకటిపడేదాకా ఉంది. గొంతు మారలేదు. రెండోరోజూ అంతే. నాలుగోరోజు లేస్తూ నాతో అంది, “మీ డాక్టరు మంచోడే. మా ఆయన్నే ఎల్లగొట్టేసినాడు.” తరవాత రావడం మానేసింది. గోడ అవతల గిన్నె చప్పుడు కూడా తగ్గిపోయింది. పిలిచి అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. నాన్న ఒక పొద్దున వెళ్ళి, “వదినే, అన్నకి నీ మీద కోపం నేదు. నాను సెప్తున్నాను గదా,” అన్నాడట. “నువ్వు సెప్తే ఏటవుతాది?” అందట ఆవిడ.

నెలన్నర గడిచింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి పెద్దమ్మ మెట్టు మీద ఉంది. నాన్న రెప్పలు వాలి ఉన్నాయి. గొంతు ముక్కులో ఉంది. జబ్బు ముదిరింది, మందు పట్టడం లేదు అనుకున్నాను. వారంలో మరో రెండుసార్లు అలాగే అయింది. ఆసుపత్రికి వెళ్దామంటే నాన్న దాటవేశాడు. ఆదివారం నాడు వల కుట్టే సూదుల డబ్బాలో సూది కోసం చెయ్యి పెడితే, అడుగున తెల్ల గోలీలు దొరికాయి. అన్నీ నాలుగింటివే.

నాకు కోపం ఎక్కువ. ఆ డబ్బా ఆయన ముందు బోర్లించాను. “ఏంటిది? చచ్చిపోదామనుకున్నావా?”

నాన్న గోలీలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ డబ్బాలో వేశాడు. “అలా అరవకు, టీచరమ్మా. గోడవతల ఇనిపిస్తాది.”

“వినపడనీ. ఆవిడ పిచ్చికి నువ్వు ప్రాణం తీసుకుంటావా?”

“ఒక్క మాట గదా అడుగుతోంది. ఇరవై ఏళ్ళయి అడుగుతోంది. నాను బాగున్న గొంతుతో సెప్తే నమ్మదు. గొంతు పోనప్పుడు సెబుదామంటే మాట రాదు. మధ్యన ఎక్కడో కొంచెం జాగా ఉంటాది. అది పట్టుకోవాల. మూడుసార్లు సూసినాను, దొరకనేదు.” అని నన్ను చూసి నవ్వాడు. పొద్దుటిపూట కనుక అది నవ్వులాగే ఉంది. “ఇంకొక్కసారి. బస్. ఆ తరవాత నువ్వు ఏ గోలీ ఇస్తే అది మింగుతాను.”

నేను వద్దని గట్టిగా అనలేదు. ఇక్కడ అబద్ధం రాస్తే ఈ రాయడమే దండగ. పెద్దమ్మ గిన్నెలు మళ్ళీ చప్పుడు చేస్తున్నాయి, ఆవిడ మళ్ళీ తల దువ్వుకుంటోంది. అది నాకు కూడా కావాలనిపించింది. “ఒక్కసారే,” అన్నాను. చదువుకున్న దాన్ని, డాక్టరు మాట నా చెవులతో విన్నదాన్ని, నేనే అన్నాను.

బుధవారం నాడు నాలుగింటి గోలీ వేయలేదు. నాన్నకు రెండురోజులుగా కొంచెం జలుబు ఉంది. వాయిదా వేద్దామంటే వినలేదు. అయిదింటికి పెద్దమ్మ వచ్చింది. ఈసారి వట్టి చేతులతో రాలేదు. కంచంలో అన్నం, గిన్నెలో కవళ్ళ పులుసు. ఇరవై ఏళ్ళ తరవాత కాచిన పులుసు వాసన అరుగంతా నిండిపోయింది. ఆ వాసన నాకు చిన్నప్పటిది, ఒక్క క్షణం పదేళ్ళ పిల్లనైపోయాను.

“తినకూడదు,” అన్నాను. “మెత్తగా పిసికిన అన్నం తప్ప డాక్టరు—”

నాన్న చెయ్యి ఎత్తి ఆపాడు. లోపలికి వెళ్ళమని వేళ్ళతో సైగ చేశాడు. ముందు అర్థం కాలేదు, తరవాత అయింది. వదినను ఆ మాట అనబోతున్నాడు. కూతురి ముందు అనలేడు. నేను లోపలికి వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది.

పెద్దమ్మ ముద్ద కలిపి చేతిలో పెట్టింది. నాన్న గెడ్డం ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంతసేపు నమిలాడో! మింగాడు. పొలమారింది, ఆపుకున్నాడు. రెండోది కూడా తిన్నాడు. అప్పుడు మా పెదనాన్న గొంతుతో, తన జీవితంలో ఎన్నడూ వదినను అనని మాట అన్నాడు.

“ఒలే... ఉప్పు సరిపోనాది.”

పెద్దమ్మ ఏడవలేదు. “సరిపోనాదా,” అంది, మామూలు ఇల్లాలు మామూలుగా అడిగినట్టు. కంచం, గిన్నె తీసుకుని ఇంటికి వెళ్ళింది. గోడ అవతల ఆవిడ అన్నం తింటున్న చప్పుడు విన్నాను. గిన్నె గీకి మరీ తింది.

నాన్న అప్పటికే దగ్గుతున్నాడు. ఆ దగ్గులో బలం లేదు, గొంతులో అడ్డం పడ్డది బయటికి తెచ్చేపాటి కూడా లేదు. గోలీ వేశాను. తెల్లారేసరికి జ్వరం వచ్చింది, డొక్కలు ఎగరేస్తున్నాడు. మళ్ళీ అదే ఆసుపత్రి, అదే డాక్టరు. అన్నం మెతుకు ఊపిరితిత్తిలోకి పోయి చీము పట్టిందన్నాడు. “దవాయి టైమ్ పే లీ థీ?” అని అడిగాడు. అవును, మందు వేళకే వేశానన్నాను. గట్టిది ఏమైనా తిన్నాడా అని అడిగాడు. లేదన్నాను. నాన్న మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు, నేను ఆయన వైపు చూడలేదు. ముసలి కాపలావాడు ఇంటివాణ్ణి కొట్టే పనిలో ఉండిపోయాడు, గేటు తీసింది మాత్రం నేనే. ఆ మాట డాక్టరుకు చెప్పి ఉంటే ఏమైనా మారేదా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. మారేది కాదేమో. అయినా చెప్పవలసింది.

మూడోరోజుకు ఊపిరి తీసుకునే కండలు కూడా అలిసిపోయాయి. నర్సు రబ్బరు తిత్తి ఒకటి ముఖానికి పెట్టి చేత్తో నొక్కుతూ గాలి పంపేది. సాయంత్రం వార్డులో లైట్లు వేశారు. మంచానికి ఒకవైపు నేను, నా వెనక పెద్దమ్మ. మందులు మార్చడానికి నర్సు ఒక్క నిమిషం తిత్తి తీసింది. నాన్న కష్టపడి రెప్పలు ఎత్తాడు. ముక్కులోంచి, ఊపిరి మీద, చాలా చిన్నగా వచ్చింది.

“ఒలే.”

నేను ఆగాను. ఎందుకాగానో చెబితే నవ్వుతారు. దీపాలవేళ. ఒక్క పిలుపు. రెండోది వస్తుందని నా ఒళ్ళు దానంతట అదే ఆగిపోయింది. నాకు ఆ కట్టడి నేర్పిన మనిషి మాత్రం నా వెనకనుంచి అప్పటికే “ఆ... ఇక్కడే ఉన్నాను,” అని పలికేసింది, నా భుజం మీదుగా వంగి.

రెండోది రాలేదు.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నన్నే గదే పిలిసినాడు? తమ్ముడ్ని తీసుకుపోడానికి వొచ్చి, నాతో సెప్పి మరీ ఎల్లినాడు. నువ్వూ ఇన్నావు గదా?”

“విన్నాను,” అన్నాను. “నిన్నే, పెద్దమ్మా.”

ఆవిడ ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆదివారాల్లో పులుసు కాచి నాకు ఒక గిన్నె పంపేది. మొగుడి గురించి మాట్లాడేటప్పుడు ఆ గొంతులో ముల్లు ఉండేది కాదు. ఆవిడ పెట్టిన రెండు ముద్దలే నాన్నను తీసుకుపోయాయని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ పులుసు ప్రతిసారీ తిన్నాను, ప్రతిసారీ బాగుంది.

ఇప్పుడు నాకూ డెబ్బై దాటాయి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, కీళ్ళు వాచిపోతాయి. బయటినుంచి వచ్చిందేమీ కాదమ్మా, మీ ఒంటి కాపలాయే మీ కీళ్ళను తింటోంది అని ఇప్పటి డాక్టరు చెప్పింది. పాత వాచ్‌మన్‌కు మా కుటుంబంలో పర్మనెంటు ఉద్యోగం ఉన్నట్టుంది. మందు వేళకు వేసుకుంటాను. నాలుగింటిది ఎన్నడూ తప్పించలేదు.

ఒక సంగతి మాత్రం ఆ రోజు వరండాలో కూర్చున్నప్పుడే నాకు తెలుసు. పెద్దమ్మకు నిజంగా పెదనాన్న గొంతే వినబడి ఉండవచ్చు. కానీ నాన్న రెప్పలెత్తి చూసింది నన్ను. ఆ మంచం దగ్గర ఆయన ఒలే అని పిలవదగిన మనిషిని నేనొక్కదాన్నే. టీచరమ్మ అనడానికి నాలుక తిరగలేదో, చివరికి టీచరమ్మ అక్కర్లేదనిపించిందో తెలియదు. మూడూ కలిపి పిలవడానికి ఆయన దగ్గర ఊపిరి లేదు. ఒక్కటే మిగిలింది, అది నాకు ఇచ్చాడు. నేను పలకలేదు.

డాలీగంజ్‌లో ఇప్పుడు నేనుండే ఇంట్లోనూ అయిదింటికే చీకటి పడుతుంది. లైటు వేసి గుమ్మంలో నిలబడతాను. సందులోంచి ఎవరూ పిలవరు. పిలవకపోయినా, రెండో పిలుపు కోసం ఆగకుండా, గట్టిగానే అంటాను.

“ఆ, నాన్నా. ఇక్కడే ఉన్నాను.”